ఖుబానీ అడగమని పంపితే

నా చిన్నప్పుడు బడి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉండేది. పిల్లలు పాఠాలు అప్పజెప్పే గొంతులు వినపడుతుండగా నేను అమ్మీ పక్కన కూర్చుని బీడీలకు దారం చుట్టేదాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ రాయలేకపోయాను. దోహాలో కొడుకు దగ్గరికి వచ్చాక, ఐన్ ఖాలిద్‌లో మా పై అంతస్తులో ఉండే రాజమండ్రి అమ్మాయి శుక్రవారాలు తన కూతురికి తెలుగు నేర్పుతుంటే, నేనూ ఒక నోటుబుక్కు కొనుక్కుని పక్కన కూర్చున్నాను. మా ఇంట్లో మాట సగం ఉర్దూ, సగం తెలుగు. చేతికి అందిన అక్షరాలు తెలుగువి కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

నాకప్పుడు ఏడేళ్లుంటాయి. నేను ఆపా అని పిలిచే పక్కింటి అక్కకు పెళ్లి కుదిరింది. తల్లి లేని పిల్ల. పసుపు బట్టలు కట్టుకుని లోపలి గదిలో కూర్చుంది. ఆ రోజుల్లో పెళ్లికూతురు నోరు తెరిచి ఇది కావాలని అడిగేది కాదు. పెద్దలు ఏమడిగినా "మీ ఇష్టం" అనాలి. ఆపాకు మాత్రం ఒక్కటే కోరిక, పెళ్లి దావత్‌లో ఆప్రికాట్ పళ్లతో చేసే ఖుబానీ కా మీఠా ఉండాలని. వాళ్లమ్మ బతికున్నప్పుడు ఎండు ఖుబానీలు ఉడికించి, గింజలు రాతితో కొట్టి, లోపలి పప్పు కూతురి అరచేతిలో పెట్టేదట. పెళ్లినాడు ఆ రుచి నాలుక మీద ఉంటే అమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టుంటుందని ఆపా తన పిన్నితో చెప్పుకుంది. ఆ పిన్నిని అందరం ఖాలా అనేవాళ్లం.

ఆపా వాళ్ల నాన్నను నేనూ అబ్బా అనేదాన్ని, ఆయనకు నేనంటే ముద్దు. నేనడిగింది కాదనేవాడు కాదు. అది తెలిసి ఖాలా నన్ను మూలకు పిలిచింది.

"అబ్బా వరండాల వంటాయనతోని మాట్లాడుతుండు. నువ్వు పోయి ఖుబానీ మీఠా కావాలని మొండికెయ్యి. పెండ్లిపిల్ల అడిగితే సిగ్గు లేదంటరు. పిల్లలు అడిగితే ఎవరేమంటరు?"

"ఖుబానీ, ఖుబానీ" అనుకుంటూనే వరండాలోకి పోయాను. అక్కడ వంటాయన రుచి చూపించడానికి గిన్నెలో డబల్ కా మీఠా తెచ్చి పెట్టాడు. నేతిలో వేయించిన రొట్టె, పాకం, పైన మీగడ. నేను ఏదో అనబోయేలోగా ఒక ముక్క నా నోట్లో పెట్టాడు. అంత తీపి నేను అప్పటిదాకా ఎరగను. "చెప్పు బిడ్డా, ఏం చేపిద్దాం?" అని అబ్బా అడిగాడు. నేను గిన్నె వైపు వేలు చూపించి "ఇదే" అన్నాను. అందరూ నవ్వారు. అదే ఖాయమైంది.

ఖాలా నన్ను కొట్టలేదు. "ఒకరి మాట మోసుకపోయేటప్పుడు నోట్లె ఇంకేం పెట్టుకోవద్దు బిడ్డా" అని మాత్రం అంది. ఆపా అయితే పసుపు ఓణీ కొంగుతో నా గడ్డం మీది పాకం తుడిచింది. పెళ్లినాడు మీఠా బాగుందని ఊరంతా మెచ్చుకుంది. ఆపా ముందు పెట్టిన గిన్నె నిండుగానే తిరిగి రావడం నేను చూశాను.

ఆమె కాపురానికి దూరం వెళ్లిపోయింది. తప్పైందని ఉత్తరం రాయాలంటే నాకు అక్షరం రాదు, ఇంకొకరితో రాయించాలంటే సిగ్గు. నాకు రాయడం వచ్చేసరికి ఆపా లేదు.

మొన్న మనవరాలి పెళ్లికి ముందు చేసే బ్రైడల్ షవర్‌కు కేకు ఎంచుకోవడానికి ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణం అమ్మాయి పళ్లెంలో ఆరు రకాల ముక్కలు పెట్టింది. మనవరాలి ఫోర్కు రెండుసార్లు ఖర్జూరం కేకు దగ్గరికే తిరిగి వచ్చింది. ఆమెకు కాబోయే అత్తగారు మూడంతస్తుల పిస్తా కేకు చూపించి, "ఖర్జూరాలు రోజూ తినేటియే గద. ఫోటోలల్ల ఏం కనబడ్తయి?" అంది.

"మీ ఇష్టం ఆంటీ" అంది నా మనవరాలు.

"మీరేమంటరు అమ్మీ?" అని కోడలు నన్ను అడిగింది. మనవరాలూ నా వైపే చూసింది. నా నోట్లో పిస్తా కేకు ఉంది. తల ఊపేశాను. ఆర్డరు రాసుకున్నారు. కారులో ఆ పిల్ల టిష్యూతో నా గడ్డం మీది క్రీము తుడిచింది.

మరునాడు పొద్దున నమాజు కాగానే బురఖా వేసుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. డ్యూటీకి బయల్దేరిన కొడుకు "యాడికి అమ్మీ?" అన్నాడు.

"కేకు దుకాణానికి. నాకు ఖర్జూరం కేకే కావాలె. లేకుంటే నేను ఫంక్షన్‌కు రాను."

"నీకు షుగర్ ఉంది గదా?"

"ఉండనీ. ముసలిది మొండికేస్తే ఎవరేమంటరు?"

వాడు నవ్వి, "యల్లా, పోదాం. ముందు చాయ్ తాగు" అన్నాడు. కోడలు కప్పు తెచ్చి చేతికిచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టేసి, ఖాళీ నోటితోనే కారెక్కాను.