సలీం భాయ్ విన్న పేరు

నిన్న పొద్దున్నే సలీం భాయ్ భార్య షాహీన్ భాభీ ఫోన్.

"చెల్లె, మీ అన్న లేస్తలేడు. ఎంత లేపినా లేస్తలేడు."

"హాస్పిటల్‌కు తీస్కపో భాభీ" అన్నాను.

"తీస్కొచ్చినం. అయిపోయిందంటున్నరు."



షుగర్ లేదు, బీపీ లేదు. యాభై కూడా నిండలేదు. నిద్రలోనే హార్ట్ అటాక్ అట.

మీలో చాలామందికి సలీం భాయ్ ఎవరో తెలీదు. తెలిసే పని కాదు ఆయనది. సినిమాల్లో సౌండ్ రికార్డిస్ట్. షూటింగ్ జరిగే చోటే యాక్టర్ల మాటలు రికార్డ్ చేసేవాడు. కరీంనగర్‌లో పెళ్లిళ్లకు మైక్ సెట్లు పెట్టుకుంటూ, ఆ పని మీద పిచ్చితో హైదరాబాద్ పోయి నేర్చుకొచ్చిన మనిషి.

సినిమా అంటే మనకు హీరో, హీరోయిన్, మహా అయితే డైరెక్టర్. సుల్తానాబాద్ దగ్గర మేం చేసిన ఒక చిన్న సినిమాకే నలభై మంది దాకా ఉన్నాం. కెమెరా, లైట్లు, ఆర్ట్, మేకప్, అన్నం వండిపెట్టేవాళ్లు. నేను కాస్ట్యూమ్స్. ఆయనతో నా పరిచయం అక్కడే.

మొదటి రోజే పక్క పొలంలో హార్వెస్టర్ మొదలైంది. ఆ చప్పుడుకు ఒక్క డైలాగ్ కూడా రికార్డ్ కాదు. సలీం భాయ్ గట్టు మీద నడుచుకుంటూ పోయి ఆపమని అడిగాడు.

"నువ్వేమన్న పోలీసోనివా? ఆపుమనంగనే ఆపుతరా?" డ్రైవర్ గయ్యిమన్నాడు.

భాయ్ కోపం చేయలేదు. తన హెడ్‌ఫోన్స్ తీసి అతని చెవులకు పెట్టాడు.

"జర ఇంజన్ బంజేసి విను తమ్మీ."

అతను ఇంజన్ ఆపాడు. హెడ్‌ఫోన్స్‌లో వరి కంకులు గాలికి ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. అంత దూరంలో మైక్ పెట్టుకుని ఉన్న మా యాక్టర్ ఊపిరి.

డ్రైవర్ కదల్లేదు. సీన్ అయ్యేదాకా ఇంజన్ ముట్టుకోలేదు. మధ్యాహ్నం మా బంతిలోనే కూర్చుని అన్నం తిన్నాడు.

అట్లాంటి మనిషి. ఆయన గట్టిగా అరవడం నేను చూసింది ఒక్కసారే.

ఆ సినిమాలో తల్లి వేషం మల్లవ్వది. ఆ ఊరామెనే, నాట్లకు కూలికి పోతుంది. అంతకుముందు కెమెరా ముందు నిలబడింది లేదు. కథలో ఆమె కొడుకు శీను చనిపోతాడు. శవం మీద పడి ఏడవాలి.

మొదటి టేక్‌కే సెట్ అంతా ఏడ్చింది. మేకప్ అక్క ఆగలేక బయటికి పోయింది.

డైరెక్టర్ "వన్ మోర్" అన్నాడు. మళ్లీ వన్ మోర్. వెలుతురు పోతోంది, ఆ ఇల్లు మళ్లీ మాకు దొరకదు. ఆయన తొందర ఆయనది.

ఒక టేక్ మధ్యలో సలీం భాయ్ ఒక్కసారిగా లేచాడు.

"బంద్ చెయ్యుండ్రి!"

సెట్‌లో కట్ చెప్పేది డైరెక్టర్ ఒక్కడే. ఇంకెవరూ నోరెత్తరు.

"ఆమె శీను అంటలేదు సార్. తిరుపతి అంటున్నది. 'లే తిరుపతీ, లే బిడ్డా' అని లోపల్లోపల అంటున్నది. మీకు వినపడ్తలేదు, నాకు వినపడ్తున్నది. గది యాక్టింగ్ కాదు."

పోయి మల్లవ్వ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తిరుపతి ఎవరవ్వా?"

"నా కొడుకు బిడ్డా. బాయికాడ మోటర్ పెట్టవొయి కరెంట్ షాక్ కొట్టి పోయిండు."

మాలో ఒక్కరికీ తెలీదు. ఎవరం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ రోజుకు షూటింగ్ ఆగిపోయింది. మర్నాటి నుంచి సలీం భాయ్‌ని రావద్దన్నారు. డైరెక్టర్ షాట్‌ను ఆపినోడు అన్న పేరు హైదరాబాద్ దాకా పోయింది. తర్వాత ఒక్క సినిమాకు కూడా పిలుపు రాలేదు. నాకు తెలిసినవాళ్లందర్నీ అడిగి చూశాను. "మంచి వర్కరే, కానీ..." అని ఆగిపోయేవాళ్లు.

సినిమా రిలీజైంది. ఆ సీన్ ఉంది. మల్లవ్వ ముఖం ఉంది. గొంతు మాత్రం ఎవరో డబ్బింగ్ చెప్పారు.

కరీంనగర్ థియేటర్‌లో సలీం భాయ్ నా పక్క సీట్లోనే కూర్చుని చూశాడు. టైటిల్స్‌లో ఆయన పేరు కోసం నేను వెతుకుతుంటే, "ఏం చూస్తవ్ చెల్లె, నడువు, ఆటో దొరకది" అన్నాడు.

మళ్లీ పెళ్లిళ్లు, మైక్ సెట్లు. ఒకసారి అడిగాను, సినిమాలు పోయినందుకు రంది లేదా, బాధ లేదా భాయ్ అని.

"ఉంది. లేదంటే అబద్ధమైతది. షూటింగ్‌ల హెడ్‌ఫోన్స్ చెవులకు పెట్టుకోవాలె అని రోజూ అనిపిస్తది. ఏం జెయ్యాలె చెల్లె?"



నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత తీసుకుపోయారు. నేను తప్ప సినిమా వాళ్లు ఒక్కరూ రాలేదు. వాట్సాప్ గ్రూప్‌లో దండాల ఎమోజీలు పెట్టారు. డైరెక్టర్ నాకు ఫోన్ చేశాడు, ఏడ్చి పెట్టేశాడు.

మల్లవ్వ వచ్చింది. కబురు విని సుల్తానాబాద్ నుంచి బస్సులో, ఒక్కతే. భాభీ చేతులు పట్టుకుని కూర్చుంది.

"నా కొడుకు పోయిననాడు ఊరంత వచ్చింది బిడ్డా. గంతే. మళ్ల వాని పేరు ఎవ్వలెత్తలే. మీ ఆయనే ఫోన్ చేసి, 'తిరుపతి ముచ్చట జర చెప్పవ్వా' అనేటోడు. వాడు ఏం తినేటోడు, ఎట్ల నవ్వేటోడు, అన్ని అడిగేటోడు. ఇగ నేనెవ్వలకు చెప్పాలె?"

ఆ ఫోన్ల సంగతి భాభీకి కూడా తెలీదట. నాకూ తెలీదు.

ఇద్దరూ ఏడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. రాస్తే కొంచెం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గట్లేదు.

పోయిరా సలీం భాయ్.

ఆ అల్లా దగ్గరన్నా నిమ్మలంగా ఉండు.