ఎర్ర చుక్కల కింద ఇంజను

బండిని షెడ్డులో వదిలేటప్పుడు మా ప్రొద్దుటూరు వైపు ఒక అలవాటు ఉంది. డీజిల్ పంపు మీద, డైనమో మీద, సెల్ఫు మోటారు మీద, బ్యాటరీ మీద గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టి మరీ వదులుతాం. తెచ్చుకునే రోజు చుక్క ఉందో లేదో చూసుకుంటాం. లేదంటే సామాను మారిందన్నమాట. మెకానిక్కులు దీనికి కోపం తెచ్చుకోరు. నా స్నేహితుడైతే తనే గుర్తు చేసేవాడు.

"ఎంత మనోడైనా చుక్క పెట్టాల్సిందేనప్పా. రేపు మాట రాకూడదు" అనేవాడు.

అంత నిజాయితీపరుడని వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాను. మా ఆవిడ గోళ్లరంగు సీసాలోని ఎర్ర రంగు సగం ఆ బండికే అయిపోయింది.

మేమిద్దరం జమ్మలమడుగులో ఒకే బడిలో చదివాం. వాడు కువైట్ పోయి పన్నెండేళ్లు జపాన్ కార్లు బాగుచేసి, తిరిగొచ్చి ప్రొద్దుటూరులో షెడ్డు పెట్టాడు. వాడు చూసి ఊ అన్నాకే నేను నా బండి కొన్నాను. జపాన్‌లో కొన్నాళ్లు తిరిగి, ఓడలో మన దేశానికి వచ్చిన డీజిల్ బండి. ఎండకు అడ్డంగా దించుకునే అట్ట మీద జపాన్ అక్షరాలుండేవి. అందులో ఏం రాసుందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ బండిలో రోజూ జమ్మలమడుగు నుంచి ఆరుగురు ఇంజనీర్లను కలమల్ల కరెంటు ప్లాంటుకు తీసుకుపోయేవాణ్ణి. మా ఇల్లు గడిచేది దాని మీదే.

వాడు నాకు నేర్పినన్ని సంగతులు ఎవరూ నేర్పలేదు, అది ఒప్పుకోవాలి. "జపానోడు బోల్టు లెక్క ప్రకారం బిగిస్తాడు. మనోడు కండ ఉన్నంత బిగిస్తాడు. ఆడనే మర పోయేది" అనేవాడు. బెల్టు తెగేదాకా ఆగొద్దని, బాగున్నప్పుడే మార్చమని చెప్పేవాడు. ఇక్కడి సామాను వేసుకుందామా అంటే, "పట్టడం వేరే, సరిపోవడం వేరే" అని తిట్టేవాడు. ఈ మాటలన్నీ టీ బంకుల దగ్గర నా సొంత తెలివి లెక్కన చెప్పుకుని తిరిగాను.

ఒక వేసవిలో గ్యాస్కెట్టు పోయి ఆయిల్లోకి నీళ్లు దిగాయి. బండి వాడి షెడ్డులో పది రోజులుంది. తెచ్చుకునే రోజు బానెట్టు ఎత్తి చూశాను. చుక్కలన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దారిలో మా ఆవిడ కాసేపు చెవి ఒగ్గి విని, "ఇది మన బండి సద్దు కాదు" అంది.

"నీకేం తెలుసు ఇంజన్ల గురించి, నోరు మూసుకోని కూర్చో" అన్నాను. అన్న మాట వెనక్కి రాదు కదా.

నెల తిరక్కముందే బండి పొగ కక్కడం, ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. అడిగితే, "గ్యాస్కెట్టు కొత్తది గదప్పా, సర్దుకోవాల. ఇంగో వెయ్యి కిలోమీటర్లు తోలు" అన్నాడు. తోలాను. ఇంకో వెయ్యి అన్నాడు. అదీ తోలాను. ఇంజనీర్లు ముక్కులు మూసుకుంటుంటే డీజిల్ కల్తీ అని అబద్ధం చెప్పి వాణ్ణి కాపాడాను. అట్లా ఎనిమిది నెలలు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినాయన్న సామెత నా కోసమే పుట్టినట్టుంది.

అప్పటికి బండి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ కాగితం, గడువు దగ్గర పడింది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఇంజను నంబరు ఆర్‌సీతో సరిచూసి గానీ అది ఇవ్వడు. అది లేకపోతే ప్లాంటు గేటు దగ్గరే ఆపేస్తారు. అందుకని కాగితాలు బండిలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఆ వారంలోనే మా ఆవిడ తరపు పెళ్లికి పులివెందుల పోయాం. భోజనాలై బయటికొస్తుంటే కల్యాణ మండపం ముందు ఒక జీపు స్టార్టయింది. మా ఆవిడ టక్కున ఆగింది. నేనూ ఆగాను. అది మా బండి సద్దు.

డ్రైవరును బతిమాలి బానెట్టు ఎత్తించాను. వాడికి గర్వం ఆగలేదు.

"జపాన్ ఇంజనప్పా. ప్రొద్దుటూర్లో ఏయించినాం. ముందు వేరేది సూపిచ్చినారు గానీ మా ఓనరు వద్దన్యాడు. ఆయప్ప అన్నీ సూసి గానీ తీసుకోడు."

గుడ్డతో జిడ్డు తుడిచి ఇంజను నంబరు చదవసాగాను. పక్కన మా ఆవిడ నా ఆర్‌సీ పట్టుకుని ఒక్కో అంకె పైకి చదివింది. చివరి అంకె దాకా కలిసింది. తర్వాత నా బండి దగ్గరికి పోయి అదే గుడ్డతో తుడిచాను. అది వేరే నంబరు. దాని మీద నా పంపు, నా డైనమో, నా సెల్ఫు మోటారు ఎర్ర చుక్కలతో సహా భద్రంగా ఉన్నాయి. నేను గుర్తు పెట్టినవన్నీ వాడు నాకు తిరిగి బిగించిచ్చాడు. ఇంజను మీద మాత్రం నేను చుక్క పెట్టలేదు. ఇంజనే తీసుకుంటారని ఎవరనుకుంటారు?

తెల్లారి షెడ్డుకు పోయాను. దారంతా కూర్చుకున్న తిట్లన్నీ గడప దగ్గరే మరిచిపోయాను.

"నా ఇంజను యాడ?" అన్నాను.

వాడు కిరసనాయిల్లో చేతులు కడుక్కుంటున్నాడు. "పులివెందులకు పోయింటివా" అన్నాడు, అంతే.

"ఎందుకు చేసినావు?"

"ఆ జీపు ఆయప్పకు మంచి ఇంజను ఏసిస్తానని మాటిచ్చింటి. తెచ్చింది బాగల్యా. ఆయప్ప ఇంజను చూసి తీసుకునే మనిషి. నువ్వు నన్ను చూసి వదిలిపోయినావు. ఇంగ ఆయప్ప వద్దన్న ఇంజను నేను యాడ పెట్టాల్నో నువ్వే చెప్పు."

కొట్టడానికి చెయ్యి లేచింది. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఎఫ్‌సీ గురించి దిగులుపడొద్దు" అంటూ వాడొక చెక్కపెట్టె తెరిచాడు. అందులో అంకెలు కొట్టే ఉక్కు అచ్చులున్నాయి. ఉన్న నంబరు అరగదీసి నీ ఆర్‌సీలో నంబరు కొట్టిస్తాను, బ్రేకు ఇన్‌స్పెక్టరు కాదు గదా, వాళ్ల తాత కూడా పట్టలేడు అన్నాడు. ఆ అచ్చులు కొట్టీ కొట్టీ నెత్తులు చదునై ఉన్నాయి. నాదే మొదటి బండి కాదన్నమాట. ఒద్దన్నాను. కలమల్ల పని ఆ నెలతో పోతుందని తెలిసే తాళాలు తీసుకుని బయటికొచ్చాను.

జమ్మలమడుగు దారిలో సగం దూరం పోయాక ఇంజనులోంచి కీచుమని సద్దు మొదలైంది. బండి పక్కకు ఆపాను. అలవాటు చొప్పున చెయ్యి ఫోను మీదికి పోయింది. బండి కొన్నప్పటి నుంచీ ఇంకెవరినీ అడిగి ఎరగను. అవతల ఎత్తాక గానీ ఎవరికి చేశానో నాకు తెలియలేదు. ఇంజను ఆపలేదు కాబట్టి ఆ కీచు వాడికీ వినబడింది.

"బెల్టు వదులైండాది, బిగించుకో. మరీ బిగించొద్దు" అన్నాడు వాడు, ఎప్పటి గొంతుతోనే.

ఫోను పెట్టేశాను. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు ఏడ్చాను. తర్వాత దిగి చూస్తే బెల్టు నిజంగానే వదులైంది. వాడు చెప్పినట్టే, మరీ గట్టిగా కాకుండా, బిగించుకుని ఇంటికి పోయాను.