వెల్లకిలా తేలిన బొమ్మ

దెయ్యాల కథలు చెబుతుంటే చిన్నప్పుడు కూడా నాకు నిద్ర ముంచుకొచ్చేదే తప్ప భయం వేసేది కాదు. మాది ఖమ్మం. అమ్మ, నాన్న ఇద్దరూ లెక్కల టీచర్లు. నేను చేసే ఉద్యోగం కూడా అలాంటిదే. వీడియో గేములు విడుదలయ్యే ముందు ఆడి, వాటిలో తప్పులు పట్టుకోవాలి. ఒక తప్పును మళ్ళీ చేసి చూపించలేకపోతే అది లేనట్టే లెక్క. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒక చిన్న గేమ్ కంపెనీలో పని చేస్తున్నాను. అప్పుడు మేం తయారు చేస్తున్నది ఓపెన్ వరల్డ్ గేమ్. ఆడేవాళ్ళు అందులో తమకి నచ్చిన చోటికి పోవచ్చు. కొండలెక్కవచ్చు, సరస్సుల్లో దూకవచ్చు, అడుగున మునిగిపోయిన ఓడల్లో వెతుక్కోవచ్చు. ఆ నీళ్ళ భాగమంతా పరీక్షించే పని నాకిచ్చారు. నిజానికి నాకు ఈత రాదు. కానీ ఆ వేసవంతా ఎంతసేపు తెర మీద నీళ్ళ కింద గడిపానంటే, బస్సులో కూర్చున్నప్పుడు కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టేదాన్ని.

ఈతగాడి కదలికలు తయారు చేసింది రఘు గారు. భీమవరం వైపు మనిషి. తను ఈత కొడుతుంటే వీడియో తీయించుకుని, అది చూసుకుంటూ గేమ్‌లోని బొమ్మకి కదలికలు పెట్టారు. అందుకని బొమ్మ కూడా అచ్చం ఆయనలాగే తల కాస్త ఎడమకి వాల్చి ఈదుతుంది. ఆయన భార్య పద్మక్క. పండగొస్తే నాకూ, నా రూమ్మేట్ మౌనికకీ భోజనం వాళ్ళింట్లోనే. మౌనిక వరంగల్ అమ్మాయి, ఇక్కడ నర్సింగ్ చదువుతోంది.

అది సెప్టెంబరులో ఒక శనివారం. సోమవారానికి కొత్త వెర్షన్ ఇవ్వాలి కాబట్టి మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని గేమ్ ఆడుతున్నాను. కిటికీలోంచి ఎండ తెర మీద పడుతుంటే కర్టెన్ లాగాను కూడా.

నీళ్ళలో మా బొమ్మకి తెలిసిన విద్యలు కొన్నే. పైన ఈదుతుంది, మునుగుతుంది, మనం ఏమీ నొక్కకపోతే నిలువుగా కాళ్ళాడిస్తూ ఉన్నచోటే ఉంటుంది. వెల్లకిలా తేలడం దానికి రాదు. ఎవరూ నేర్పలేదు.

సరస్సు మధ్యకి వెళ్ళేసరికి బొమ్మ నా చేతిలోంచి జారిపోయింది. వేరేలా చెప్పడం నాకు చేతకావడం లేదు. ముందుకి నొక్కితే పోలేదు, మునగమంటే మునగలేదు. మెల్లగా వెల్లకిలా తిరిగి ఎడమ చెయ్యి పైకెత్తింది. కుడి చెయ్యి మడిచి ఛాతీకి అదుముకుంది. కాళ్ళలో కదలిక లేదు. అలాగే అవతలి ఒడ్డున ఉన్న రెల్లు వైపు కొట్టుకుపోతోంది.

కంట్రోలర్ బ్యాటరీ అయిపోయిందనుకుని మార్చాను. గేమ్ మూసి మళ్ళీ తెరిచాను. బొమ్మ ఒడ్డు మీద మామూలుగా నడిచింది. నీళ్ళలోకి దింపగానే మళ్ళీ అదే వరస.

మౌనిక టీ కప్పు తెచ్చి పక్కన పెట్టి, తెర వంక చూసింది.

"ఏమైందే ఆయనకి? దెబ్బ తాకిందా?"

"దెబ్బ కాదు, బగ్గు."

"భుజం జారినోళ్ళు చెయ్యి గట్లనే పట్టుకుంటరు. మొన్న మా వార్డుల చూసిన," అని తన కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు భయమేమీ వేయలేదు. ఒళ్ళు మండింది. రఘు గారు నాకు చెప్పకుండా కొత్త కదలిక ఏదో పెట్టేశారనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పద్మక్కకి చేశాను.

"పొద్దున్నే ఆ చిన్న పడవ, కయాక్ వేసుకుని లేక్‌కి వెళ్ళారమ్మా. భోజనానికి వచ్చేస్తానన్నారు. ఎక్కడో కాఫీకి ఆగుంటారులే," అంది తాపీగా.

సరే, ఆవిడకే నా గోడు వెళ్ళబోసుకున్నాను. సోమవారం గడువు పెట్టుకుని మీ ఆయన ఇలా చేస్తే ఎలా అక్కా, బొమ్మ మాట వినడం లేదు, ఒక చెయ్యి ఛాతీకి కరుచుకుని వెల్లకిలా పడుంది అని.

పద్మక్క నన్ను మధ్యలోనే ఆపింది.

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యి."

"ఆయనకి పోయినేడు ఆ భుజమే జారిందే. ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నారు," అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు, పద్మక్క చెప్పగా విన్నదే. ఆవిడ ఎమర్జెన్సీకి ఫోన్ చేసి, తనూ కారేసుకుని వెళ్ళింది. రక్షణ సిబ్బందికి ముందు కయాక్ దొరికింది, తలకిందులుగా. వాళ్ళు దాని చుట్టుపక్కలే వెతుకుతుంటే, అవతలి ఒడ్డున రెల్లులో చూడమని ఆవిడే పట్టుబట్టిందట. రఘు గారు అక్కడే దొరికారు. లైఫ్ జాకెట్ ఉండబట్టి వెల్లకిలా తేలుతున్నారు. కుడి భుజం జారిపోయింది. స్పృహ ఉంది కానీ చలికి మాట రావడం లేదు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నారట.

రెల్లు సంగతి నేనే ఫోన్‌లో చెప్పానని పద్మక్క అంటుంది. చెప్పానో లేదో నాకు గుర్తు లేదు.

ఆదివారం మళ్ళీ గేమ్ తెరిచాను. బొమ్మ చెప్పినట్టు విన్నది. మేం ఆడేదంతా దానంతటదే రికార్డు అవుతుంది కాబట్టి శనివారం వీడియో కూడా పెట్టి చూశాను. అందులో బొమ్మ సరస్సు మధ్య నిలువుగా కాళ్ళాడిస్తూ ఉంది, ఎవరూ ఏమీ నొక్కనప్పుడు ఉన్నట్టే. మౌనికని పిలిచి చూపించాను. రెండుసార్లు చూసింది.

"నేను చూసింది మాత్రం ఇది కాదు," అంది.

ఆఫీసులో ప్రోగ్రామరు గేమంతా వెతికాడు. అలాంటి భంగిమ ఎక్కడా లేదన్నాడు. మాకే ఏదో అనిపించిందనుకుందాం. ఇద్దరికీ ఒకేలా ఎందుకు అనిపించాలి? ఆయన భుజం సంగతి మాకిద్దరికీ తెలియదే.

రఘు గారు ఇంటికి వచ్చాక చూడడానికి వెళ్ళాం. చెయ్యి కట్టులో ఉంది. ఎడమ చేత్తో స్పూను పట్టుకుని ఉప్మా తింటున్నారు. నేను కంగారుపడి ఊరికే ఫోన్ చేశానని మాత్రమే ఆయనకి తెలుసు. బొమ్మ సంగతి నేనూ చెప్పలేదు, పద్మక్కా చెప్పలేదు. కోలుకున్నాక చెబుదామని అనుకున్నాం.

నీళ్ళలో ఉన్నంతసేపూ ఏమనుకున్నారండీ అని మౌనిక అడిగింది.

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "నవ్వకూడదు మరి. పద్మా గుర్తు రాలేదు, దేవుడూ గుర్తు రాలేదు. ఆకాశం వంక చూస్తా, ఎడం చెయ్యి ఎత్తి ఎవరన్నా చూస్తారేమో అని ఊపుతా ఉన్నానా, అరె, ఈ పోజు మన గేమ్‌లో పెట్టలేదే అనుకున్నానమ్మా. పెట్టాలి, పెట్టాలి అని అదే ధ్యాస. భయం తర్వాతెప్పుడో వచ్చింది."

వంటింటి గుమ్మంలో పద్మక్క నిలబడిపోయింది. మౌనిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రోజే ఆయనకి అంతా చెప్పాం. వింటూ స్పూను పక్కన పెట్టేశారు. ఉప్మా చల్లారిపోయింది.

తర్వాత ఆయన ఆ భంగిమ నిజంగానే గేమ్‌లో పెట్టారు. పరీక్షించింది నేనే. ఇప్పుడు ఒక బటన్ నొక్కితే బొమ్మ వెల్లకిలా తిరిగి తేలుతుంది. చక్కగా పని చేస్తుంది, ఏ తప్పూ లేదు.

ఆ శనివారం అలాంటి బటనే లేదు. అప్పుడు నేను చూసింది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.