వాకిలి మీది పద్మం

మొన్న కంటి పరీక్షకని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోతే, బజారు నడిమి ఆరంతస్తుల ఆఫీసు మేడ చుట్టూ ఇనప కర్రలు కట్టి, దాని రాతి ముఖమంతా ఊడదీసి అద్దాలు బిగిస్తున్నారు. డాక్టరు సంగతి మరిచి అక్కడే నిలబడిపోయాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నూనె మిల్లు షావుకారు దాన్ని కట్టించినప్పుడు ఊళ్లో అంత ఎత్తు కట్టడం ఇంకోటి లేదు. ప్లాను గీసిన ఇంజనీరు బెంగుళూరాయన. పడమటి ఎండ గదుల్లో పడకూడదని ప్రతి కిటికీకీ రాతి చూరు పెట్టించి, చూరు చూరుకూ పైన పద్మం చెక్కిన బండ ఒకటి నిలబెట్టమన్నాడు. బస్సు దిగిన రైతులు తలగుడ్డ పట్టుకొని తలెత్తి చూసేవాళ్లు. ఆ పద్మాలు చెక్కింది ఆళ్లగడ్డలో మా నాయన, చిన్నాయన, నేను.

మా పనిలో బండను చెక్కేముందు ఒకసారి, చెక్కాక ఒకసారి సుత్తితో తట్టి వింటాం. మంచి రాయి గంటలా పలుకుతుంది, లోపల పగులుంటే చప్పుడు మొద్దుగా వస్తుంది. వాకిలికి నేరుగా పైన, అయిదో అంతస్తుకు పోవాల్సిన బండ నా వంతుకొచ్చింది. కొత్తగా పెళ్లైనవాణ్ణి, చెయ్యి తొందర, ముందు తట్టలేదు. నెల రోజులు చెక్కి, వెనక నా గుర్తు మూడు గీతలు వేశాక (అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను, అప్పటికి అదే నా సంతకం) తట్టితే మొద్దు చప్పుడు.

సాయంత్రం నాయన, "పలికిందా?" అన్నాడు.

"పలికింది నాయనా" అన్నాను.

మరుసటి రోజే నన్ను మొదటి లారీతో నంద్యాలకు పంపించాడు. మిగతా బండలతో ఆయన రావడం మూడు వారాలు ఆలస్యమైంది; అడిగితే, పెరట్లో బట్టలుతికే బండ వెయ్యాల్సి వచ్చిందన్నాడు. వాకిలి మీది బండ ఎక్కించే రోజు నేను కావాలనే మేడ వెనక పని పెట్టుకున్నాను. ఆ తర్వాత నలభై ఏళ్లు, ఆ దారిన పోతే తలెత్తి చూడటం, దాని కింద ఎవరైనా సైకిలు ఆపుకొని మాట్లాడుకుంటుంటే జరగండని కసరడం. ఆళ్లగడ్డలో గాలివాన లేస్తే నా ప్రాణం నంద్యాలలో ఉండేది. నాయన పోయేదాకా నేను ఆయన దగ్గర నోరు విప్పలేదు.

మొన్న ఆ బండను గొలుసులతో దించి ఇసుకలో బోర్లా పెట్టారు. దగ్గరికి పోతుంటే పనివాడొకడు, "ఏంది పెద్దాయనా, నెత్తిన ఏమన్నా పడితే మాకా పాపం? ఆడనే ఉండు" అన్నాడు. వినకుండా పోయి చూశాను. వెనక మూడు గీతలు లేవు. సున్నాలో చుక్క ఉంది, నాయన గుర్తు. రాయి తీసుకొని తట్టాను. గంటలా పలికింది.

ఈ అద్దం మంచిదో కాదో మీకెట్లా తెలుస్తుందని ఆ పనివాణ్ణే అడిగాను.

"దానికి కాగితం వస్తాది" అన్నాడు.

కళ్లు చూపించుకోకుండానే బస్సెక్కి ఇంటికొచ్చి, పెరట్లో ఉతికే బండను గడ్డపారతో ఎత్తించాను. పైన నా గుర్తుండాల్సిన చోటు నున్నగా చెక్కేసి ఉంది. అడుగున మట్టి నిండిన నా పద్మం. ఒక్క మాట తిట్టి ఉంటే ఆ రోజే తేలిపోయేది కదా అని నాయన మీద కోపమొచ్చింది. నేను మాత్రం చెప్పానా?

ఆ బండ మీద మా అమ్మ, ఆమె తర్వాత నా భార్య ముప్పై ఏళ్లు బట్టలు బాదారు. దెబ్బ దెబ్బకూ అదే మొద్దు చప్పుడు. రాళ్ల చప్పుడు విని బతికినవాణ్ణి, అదొక్కటి వినలేదు. కోడలు బట్టలుతికే మిషను కొన్నాక ఆ చప్పుడూ ఆగిపోయింది. ఇప్పుడు పొద్దున్నే పెరట్లోకి పోయి, నేనే ఒకసారి తట్టి వస్తున్నాను.