కనపడట్లేదని చెప్పినావిడ

అద్దాలాయన నలభై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతున్నాడు. ఆ నలభై ఏళ్ళలో ఆయనకి బోధపడిన సత్యం ఒక్కటే. మనిషి ఏ తప్పయినా ఒప్పుకుంటాడు గానీ, కనపడటం లేదని మాత్రం చచ్చినా ఒప్పుకోడు. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగోడ మీది అక్షరాల అట్ట చదవమనండి, ఎంత పెద్దమనిషైనా బడిపిల్లాడైపోతాడు. ముందుకి వంగుతాడు. కన్ను చికిలిస్తాడు. మూసిన కన్నుని వేళ్ళ సందులోంచి దొంగతనంగా తెరుస్తాడు. అప్పటికీ లాభం లేకపోతే నోటికొచ్చిన అక్షరం చెప్పేస్తాడు.

“తెలీకపోతే తెలీదనండి బాబూ! ఇదేమన్నా పరీక్షా? తప్పితే మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెడతానా?” అని ఆయన రోజుకి పదిసార్లు మొత్తుకుంటాడు. వినే నాథుడేడీ? ఊహించి చెప్పిన అక్షరాలకి తగ్గట్టు అద్దాలు చేయించుకుపోయి, నాలుగోరోజున తలనొప్పని తిరిగొచ్చి ఈయన మీదే విరుచుకుపడతారు.

దుకాణంలో ఆయనకి తోడు అక్క. ఆయనకి పదకొండేళ్ళప్పుడు తల్లి పోతే, పంతొమ్మిదేళ్ళ అక్కే తల్లయింది. నలుగురిళ్ళల్లో బట్టలు కుట్టి తమ్ముణ్ణి చదివించింది, అద్దాలు అరగదీసే మేస్త్రీ దగ్గర పనిలో పెట్టింది. పెళ్ళిళ్ళంటారా, అక్క తన మాటెత్తనివ్వలేదు. తమ్ముడి సంగతికొస్తే, అక్కకి నచ్చిన పిల్ల ఈయనకి నచ్చలేదు, ఈయనకి నచ్చిన పిల్లకి ఈయన నచ్చలేదు. దాంతో దుకాణం వెనక రెండు గదుల్లో ఇద్దరే మిగిలిపోయారు. తయారైన ప్రతి కళ్ళజోడునీ మెత్తటి గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్ళ చెవులకి తగిలించి, “ఆహా, ఇప్పుడు మనిషిలా ఉన్నారు” అనడం అక్క పని. ఆ మాట కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

తొమ్మిదేళ్ళ కిందట అక్కకి నీటికాసులని తేలింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని చప్పుడు చెయ్యకుండా చంపేసే జబ్బది. ఎడమకన్ను అప్పటికే పోయింది. “పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే పొద్దున్నోసారి, పడుకునే ముందోసారి చుక్కలు వేసుకోవాలి. బతికున్నన్నాళ్ళూ” అని డాక్టరు చెప్పాడు. అప్పట్నించీ నెలకోసారి తమ్ముడు అక్కని కుర్చీలో కూర్చోబెట్టి అట్ట చదివిస్తాడు. అక్క ఏడో వరుస దాకా గడగడా చదివేస్తుంది. తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడు. డాక్టరు దగ్గరికి పద అంటే, “ఇంట్లో ఇంత బాగా చదువుతుంటే ఆయనతో పనేంట్రా?” అని అక్క వాయిదా వేస్తుంది.

ఇదిలా ఉండగా, అక్క వారానికోసారి ఇస్త్రీ దుకాణం మీది గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ ఒకావిడ నలుగురినీ కూర్చోబెట్టుకుని మంచీ చెడ్డా, దేవుడూ మనసూ మాట్లాడుతుంది. అందరూ ఆవిణ్ణి మేడమీదమ్మ అంటారు.

ఆ మాట వినగానే అద్దాలాయనకి ఒళ్ళు మండింది. మండదా మరి? పాతికేళ్ళ కిందట ఈయనా ఒక స్వామికి భక్తుడే. దివ్యదృష్టి ఉందని పేరు పొందిన ఆ స్వామి ఒకరోజు వెనక గుమ్మంలోంచి దుకాణానికొచ్చాడు, అద్దాలు కావాలని. అట్ట చదవమంటే మొదటి మూడు వరుసలూ తప్పు చెప్పాడు. అది కూడా ఎంత ధీమాగా! ఈయన భయపడుతూ “ఇంకోసారి చూడండి స్వామీ” అన్నాడు. “నీ అట్టే తప్పుగా అచ్చయింది నాయనా” అన్నాడాయన. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే కదూ! భక్తి ముదిరి ఉన్న రోజులు. ఈయన నోరుమూసుకుని స్వామి చెప్పిన లెక్కకే అద్దాలు చేసిచ్చాడు. వారం తిరక్కుండా స్వామి వేదిక మెట్టు మీంచి జారి పడ్డాడు. మర్నాడు నిండుసభలో, “నన్ను శంకించిన ఒక భక్తుడి పాపం నా కాలికి తగిలింది” అని ఈయన వంక చూశాడు. మూడువందల తలకాయలు ఇటు తిరిగాయి. ఆ రోజున లేచి వచ్చేసినవాడు మళ్ళీ ఏ గురువు గుమ్మమూ తొక్కలేదు.

“ఈవిడా అంతే. చెవిలో పువ్వులు పెడుతుంది, పెట్టించుకో” అనేవాడు అక్కతో.

“నా చెవి, నా పువ్వు. నీకెందుకురా?” అనేది అక్క, నవ్వుతూ.

ఈయన్ని చికాకు పెట్టింది ఆ నవ్వే. మేడమీదకి వెళ్ళడం మొదలుపెట్టాక అక్క సణుగుడు మానేసింది. పదేళ్ళుగా మాటల్లేని పక్కింటావిడతో మాట కలిపింది. తప్పు పడదామంటే చేతికేదీ చిక్కడం లేదు.

చిక్కిన రోజున మాత్రం ఆయన గుండెల్లో రాయి పడింది.

వానకి గోడ చెమ్మెక్కి పాత అట్ట అడుగున ఊడిపోతుంటే, కొత్తది తెప్పించి ఆ పొద్దున్నే తగిలించాడు. కొత్తదాంట్లో అక్షరాలు వేరు. ఈ సంగతి అక్కకి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. నెలవారీ పరీక్ష అవాళే. అక్క దర్జాగా కూర్చుని, ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకుని, మొదలుపెట్టింది. “గ. ప, న. ర, వ, మ...” ఏడు వరుసలూ ఎక్కడా తడబడకుండా చదివేసింది.

అన్నీ పాత అట్ట అక్షరాలే.

అద్దాలాయన వెనక్కి తిరిగి గోడ వంక చూశాడు. పైన అరచెయ్యంత ‘ల’ ఉంది.

“అక్కా, పైనున్న పెద్దక్షరం ఇంకోసారి చెప్పు.”

“గ. ఎన్నిసార్లు చెప్పాలిరా?”

“అట్ట మార్చానక్కా.”

అక్క కంటి మీంచి అరచెయ్యి తీసింది. “ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చున్నాను కదా, అలవాటయిపోయింది” అని లేచి లోపలికి నడిచింది. నడుస్తూ కుడిభుజం గుమ్మానికి కొట్టుకుంది. నాలుగైదేళ్ళుగా తను అక్కకి చేసిచ్చిన అద్దాలన్నీ ఈ కంఠస్థం లెక్కలకే చేశానని తలుచుకుంటే ఆయనకి తల తిరిగిపోయింది. లోపలికెళ్ళి కిటికీలో చుక్కల సీసా చూశాడు. దాని మూతకి సీలు కూడా ఇంకా విప్పలేదు.

“ఇదేంటక్కా?”

అక్క మంచం మీద కూర్చుని మెల్లగా చెప్పింది. మేడమీదమ్మ అందరికీ ఒక మాట చెప్పిందట. దేన్ని పట్టుకుని వేలాడుతున్నారో దాన్ని నలభై రోజులు వదిలి చూడండి, అది లేకుండా మీరెవరో తెలుస్తుంది అని. ఒకాయన చుట్ట వదిలాడు. ఒకావిడ కోడలి మీద చాడీలు వదిలింది. “నేను పట్టుకు వేలాడేది ఈ సీసానేరా. తొమ్మిదేళ్ళుగా పొద్దున లేస్తే దీని భయం, పడుకోబోతే దీని భయం. అందుకని వదిలేశాను. ముప్పై ఒక్క రోజులైంది. భయం పోయిందిరా, నిజం.”

“భయం పోయింది సరే, చూపు?”

అక్క దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది.

అరికాలి మంట నెత్తికెక్కింది అద్దాలాయనకి. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, సీసా గుప్పిట్లో పట్టుకుని, తాడోపేడో తేల్చుకుందామని వీధినపడ్డాడు. అదృష్టమో దురదృష్టమో, అవాళ మేడమీద అందరూ చేరే రోజే. మెట్లెక్కి తలుపు తోశాడు. చాపల మీద పాతికమంది దాకా ఉన్నారు. కిటికీ పక్కన, మామూలు చెక్కకుర్చీలో బక్కపలచని ముసలావిడ.

“ఏమ్మా, నలభై రోజులు వదలమని చెప్పింది మీరేనా?”

“నేనేనయ్యా.”

“మా అక్క దీన్ని వదిలింది.” సీసా ఎత్తి చూపించాడు. “ఉన్నది ఒక్క కన్ను. ఆ కంటికి మందు ఇది. అదీ పోతే మీరిస్తారా?”

గదిలో గుసగుసలు లేచాయి. ముందువరసలోంచి ఒకాయన, “అమ్మగారితో మాట్లాడే తీరు అదేనా?” అని లేవబోయాడు. అద్దాలాయన రాబోయే మాట కోసం కాచుకుని ఉన్నాడు. ఆ మాట ఆయనకి కొట్టినపిండి. నీ అక్కకి నమ్మకం చాలలేదు అంటుంది. లేదా నీ శంకే తగిలింది అంటుంది. అనకపోతే అడగండి!

ఆవిడ లేచిన పెద్దమనిషిని కూర్చోమంది. “ఎన్ని రోజులైంది?” అని అడిగింది.

“ముప్పై ఒకటి.”

ఆవిడ ముఖం తెల్లబోయింది. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడి, అందరి వంకా చూసింది. “దేన్ని వదులుతున్నారని నేను ఒక్కళ్ళనీ అడగలేదు. చెప్పేసి ఊరుకున్నాను. తప్పు నాది. ఆవిడది కాదు, నాది. మీలో ఇంకెవరైనా మందులు మానేశారా? సిగ్గుపడకండి.”

జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. తరవాత వెనక మూల ఒక చెయ్యి లేచింది. దాని వెంట ఇంకోటి. ఒకాయన చెక్కెర మాత్రలు మానేశాడు, ఒకావిడ రక్తపోటు మాత్రలు.

“అయ్యో, అయ్యో!” అంది మేడమీదమ్మ. “ఇప్పుడే వెళ్ళండి. ఇంటికి కాదు, డాక్టరు దగ్గరికి.”

“మీ దయ ఉంటే మాకేమవుతుందమ్మా?” అన్నాడు చెక్కెరాయన.

“నా దయకి చెక్కెర తగ్గదు నాయనా. లే, లే!” అని కసిరి, అద్దాలాయన వైపు తిరిగింది. “పదండి, మీ అక్క దగ్గరికి.”

అద్దాలాయన సీసా జేబులో వేసుకున్నాడు. పాతికేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఆవిడ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతుంటే, ఎందుకో తనకే తెలీకుండా చెయ్యి అందించాడు.

అక్క ఓ పట్టాన దిగిరాలేదు. “ఇంకా తొమ్మిది రోజులుంది, పూర్తి చెయ్యనివ్వండి” అని మంకుపట్టు పట్టింది. చివరికి, “మందు వెయ్యకపోతే నా చూపు పోతుందా? మీరు చెప్పండి, నమ్ముతాను” అంది.

“నాకు తెలీదమ్మా” అంది మేడమీదమ్మ. “కళ్ళ సంగతి నాకేం తెలుసు? తెలిసినాయన్ని అడుగుదాం, నేనూ వస్తాను.”

వెళ్ళారు, ముగ్గురూ ఒకే ఆటోలో ఇరుక్కుని. దారిలో అద్దాలాయన ఉండబట్టలేక అడిగేశాడు. “మిమ్మల్ని నమ్మొచ్చా?”

“నన్నడిగితే ఏం లాభమయ్యా? దొంగైనా నమ్మమనే చెప్తాడు. మీ అక్కనడగండి, నా దగ్గరికొచ్చాక మీతో మాటలు పెరిగాయో తగ్గాయో.”

“పెరిగాయి. వీడే వినడు” అంది అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ.

డాక్టరు చాలాసేపు చూశాడు, అక్కాతమ్ముళ్ళిద్దర్నీ చెడామడా తిట్టాడు. పక్కచూపు కొంత పోయింది, అది రాదు. మిగిలిన చూపు మాత్రం, చుక్కలు మానకపోతే, నిలుస్తుంది. అక్కచేత అక్కడికక్కడే మొదటి చుక్క వేయించాడు. గోడవారన కూర్చున్న మేడమీదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మూడు వారాల తరవాత, పట్టపగలు, దుకాణం నిండా జనముండగా మేడమీదమ్మ ముందు గుమ్మంలోంచే వచ్చింది. “నాకూ చూపు ఆనట్లేదయ్యా. ఓసారి చూడండి” అంది అందరికీ వినపడేలా.

అద్దాలాయన కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఆవిడ ఒక కన్ను మూసుకుని చదివింది. ఒకటో వరుస, రెండు, మూడు. నాలుగో వరుస దగ్గర ఆగింది. ముందుకి వంగలేదు. కన్ను చికిలించలేదు.

“ఇక్కణ్ణించి నాకు కనపడట్లేదయ్యా.”

అద్దాలాయన చేతిలోని అద్దం చేతిలోనే ఉండిపోయింది. ఎంతమందిని బతిమాలుకున్నాడు ఈ ఒక్కమాట కోసం! ఎవరూ అడక్కుండా, సిగ్గుపడకుండా, దాహమేస్తోందన్నంత మామూలుగా అనేసింది మహాతల్లి. ఆయనకి కళ్ళు చెమర్చాయి. ఏం, ఏడిస్తే తప్పా? ఇంతకాలం వెతక్కుండానే లేదనుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంది మరి.

ఆవిడ లేవగానే, మూలన స్టూలు మీద కళ్ళజోళ్ళు తుడుస్తున్న అక్క గుడ్డ పక్కన పెట్టింది. “నన్నూ చూడరా” అంది.

“కొత్త అట్ట కూడా బట్టీ పట్టేశావా?”

“పట్టలేదులే, వెధవా.” వచ్చి కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ల.” ఆగింది. “త, స.” చాలాసేపు ఆగింది. “మూడోది... కనపడట్లేదురా తమ్ముడూ.”

అద్దాలాయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. తరవాత ఒక్కో అద్దమే మారుస్తూ, “ఇది బావుందా, అది బావుందా?” అని అడుగుతూ పోయాడు. అక్క తెలిసింది తెలిసిందంది, తెలీంది తెలీదంది. నాలుగో వరుస దాకా వచ్చింది, ఇంక కదల్లేదు. నాలుగో వరుసే! కానీ నిజం వరుస.

వారం తిరిగేసరికి కొత్త కళ్ళజోడు తయారైంది. ఈసారి తుడిచింది తమ్ముడు, చెవులకి తగిలించిందీ తమ్ముడే. “ఆహా, ఇప్పుడు మనిషిలా ఉన్నావు” అన్నాడు.

అక్క ఆయన ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. చెయ్యి చాచి ఆయన తల తడిమింది.

“ఏరా, నీ జుట్టంతా ఎప్పుడు నెరిసిపోయిందిరా?”