మేకలతో పాటు వచ్చిన సరిత

రెండు వేల ఆరో సంవత్సరం ఫిబ్రవరి నెల రెండో శనివారం, పొద్దున పదకొండుంబావుకు, భద్రాచలంలో గోదారి కరకట్టను ఆనుకుని ఉన్న ఒక బడి మైదానంలో, నేను ఒక మేకల మందనూ ఒక ఆడపిల్లనూ ఒకే కేకతో పిలిచాను. మందా వచ్చింది, పిల్లా వచ్చింది. వేళ ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తుందని అడుగుతారేమో. అప్పటికి గడియారం చూడడం కొత్తగా నేర్చుకున్నాను. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు పని ఉన్నా లేకున్నా ముల్లు వంకే చూస్తుంటారు.

మొన్న మా వీధిలో కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని సుబాబుల్ కొమ్మలు నరికి దారి పక్కన కుప్ప పోశారు. ఎండకు వాడుతున్న ఆ పచ్చి ఆకు వగరు వాసన గుమ్మంలో కూర్చున్న నా ముక్కుకు తగిలేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది, కేక గొంతు దాకా వచ్చి ఆగింది. పొద్దుగూకేదాకా చూశాను, ఆ కుప్ప దగ్గరికి ఒక్క మేకా రాలేదు. చెత్త ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోయింది. అంత ఆకు చెత్తలోకి పోవడం నేను చూడడం అదే మొదలు.

నాకు చిన్నతనం రెండుసార్లు వచ్చింది. మొదటిది కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట, మా ఊళ్ళో, మేకల వెనక గడిచింది. పలక పట్టాల్సిన వయసులో నాయన నా చేతికి దోటి ఇచ్చాడు, అంటే పొడుగు వెదురు కొనకు కొడవలి కట్టిన కర్ర. ఎండలు మొదలయ్యే రోజుల్లో తెల్లారకముందే రాలే ఇప్పపూల మత్తు వాసన, ఎండలు ముదిరాక నాలుకకు అతుక్కునే తునికిపండ్ల తీపి, తొలకరికి కాళ్ళను పట్టుకుని వదలని నల్లరేగడి, చలికాలం పొద్దున మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుంటే కడుపుకు తగిలే వెచ్చదనం, బతుకమ్మ పండక్కి అమ్మ రొట్టెలో బెల్లం పిసికి చేసే మలీద ముద్దలు, వాటిని నేను లంగా ఒడిలో మూటకట్టుకుంటే వెనక నుంచి వచ్చి సగం మింగిపోయే నల్లమేక, అన్నీ ఉన్నాయి. ఆట ఒక్కటే లేదు. ఊళ్ళో పిల్లలు ఏడుపెంకులాట ఆడుతుంటే మద్దిచెట్టెక్కి చూసేదాన్ని. కింద మేకలు ఎవరి చేనులోనో పడేవి, సాయంత్రం నా వీపు మోగేది.

నాయన మాట్లాడడం తక్కువ. ఉన్న కొన్ని మాటల్లో ఒకటి మాత్రం రోజూ అనేవాడు. దోటితో కొమ్మ కొట్టి కింద పడేశాక, నాలుక మడిచి "త్రుర్ర్ర్... హోయ్ హోయ్" అని కేక వేస్తే, అది ఎవరి మేకైనా సరే, ఎంత లోపల ఉన్నా సరే, ఆకు ఉందని నమ్మి ఉరికి వస్తుంది. "ఆకు లేకుంట ఉత్తగ పిలిస్తివో, నీ తోలు వలుస్త," అనేవాడు నాయన. ఉత్తగా ఒకసారి పిలిస్తే మేక రెండోసారి నమ్మదు, గుడ్డేలుగు వచ్చిననాడు రమ్మన్నా రాదని ఆయన భయం. మా చుట్టుపక్కల మేకలు కాసేవాళ్ళంతా ఈ కట్టుబాటు పాటించేవారు. ఇంట్లో అబద్ధాలాడేవాళ్ళు కూడా మేకలకు ఆడేవాళ్ళు కాదు.

రెండో చిన్నతనం యాభై దాటాక వచ్చింది. పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఉన్న మేకలు అమ్ముకుని, ఊరికే కూర్చోలేక జానకి టీచర్ దగ్గర అక్షరాలు దిద్దుతున్న రోజులు. ఆమె ఒకనాడు నా పలక తుడుస్తూ అడిగింది.

"మల్లమ్మా, ఆదివారం ఆటలకు రారాదు? కండ్లు కనపడని పిల్లలు, చెవులు వినపడని పిల్లలు, కాళ్ళు నడవని పిల్లలు చుట్టుపక్కల ఊర్ల నుంచి వస్తున్నరు. చూసుకునేటోళ్ళు సాలుతలేరు."

"నాకేం ఆటలొస్తయి టీచరమ్మా?"

"మేకలను కాసినవు గద. గిది గట్లనే."

అది పచ్చి అబద్ధం. మేకలు తిరిగి మాట్లాడవు.

ఆ సంఘానికి బోర్డు మీద రెండు వరుసల పేరుండేది, జనం మాత్రం ఆటల సంఘం అనేవారు. దాన్ని నడిపేది కృష్ణారావు సారు. పోలియో వచ్చిన కుడికాలికి ఇనుప పట్టీ వేసుకుని, మెడలో ఈల వేలాడదీసుకుని, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు మాకంటే ముందే పోయి నిలబడే మనిషి. మాకందరికీ పసుపుపచ్చ చొక్కాలు ఇచ్చి వీపు మీద 'వాలంటీరు' అని అచ్చు వేయించారు. నేను నా అంతట నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట అదే. పుస్తకంలో కాదు, జానకి టీచర్ వీపు మీద.

మా తెలివి గురించి ఏం చెప్పాలి. మొదటి వారం సారు చెవులు వినపడని పిల్లల పందానికి ఈల ఊదాడు. ఊరంతా ఉలిక్కిపడింది, పిల్లలు మాత్రం గీత మీద వంగి అట్లాగే ఉన్నారు. తప్పు తెలుసుకుని రెండో వారం ఎర్రజెండా తెచ్చాడు, దాన్ని నా చేతికిచ్చాడు. నేను చూపులేని పిల్లల ముందు నిలబడి చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాను. మూడో వారం నుంచి పిల్లలే మాకు నేర్పడం మొదలుపెట్టారు. ఆట ముగిశాక పులిహోర పొట్లాలు విప్పుకుని, ఎవరిది తిన్నామో తెలియకుండా తిని, చింతల కింద కళ్ళగంతలు ఆడేవాళ్ళం. ఆ ఆటలో గుడ్డ కట్టేది నాకొక్కదానికే. చూపులేని పిల్లలు ఊపిరి చప్పుడును బట్టి నన్ను పట్టుకునేవారు, నేను తుమ్మకంపను పట్టుకునేదాన్ని. యాభై ఏళ్ళ ముసలిది మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొస్తే కోడలు నా ముందు నవ్వలేక లోపలికి పోయేది.

ఆ పిల్లల్లో సరిత ఒకతి. పదకొండేళ్ళుంటాయి, చిన్నప్పుడే చూపు పోయింది, తల్లి లేదు, తనే వరస కలుపుకుని నన్ను అమ్మమ్మా అనేది. తండ్రి ఎంకన్న ఇల్లెందు వైపు బొగ్గు లారీల మీద పని. బిడ్డను గడప దాటనిచ్చేవాడు కాదు, ఆదివారాలు కూడా తానే భుజం మీద కూర్చోబెట్టుకుని తెచ్చి, ఆట అయ్యేదాకా చెప్పులు విడవకుండా నిలబడేవాడు. ఖమ్మంలో చూపులేని పిల్లలకు హాస్టలు బడి ఉందని, సరితకు అక్కడ చదువు చెప్తారని జానకి టీచర్ చెప్తే మండిపడ్డాడు.

"ఆడ ఎవలు చెయ్యి పట్టుకుంటరు? బాయిల పడితే?"

అప్పటికే మా పిల్లలకు భద్రాచలంలో పరుగు పోటీలని కబురు వచ్చి ఉంది. అందరం వెంటపడితే చివరికి ఒక షరతు పెట్టాడు. "భద్రాచలం పోటీల ఎవలూ పట్టుకోకుంట, ఆ రెండు సున్నం గీతల నడుమ తానొక్కతే ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికితే పంపుత. గీత దాటిందా, ఇంట్లనే ఉంటది. మల్ల నన్ను అడగొద్దు అత్తా."

ఆ పోటీలో పిల్లలు ఒక్కొక్కరే పరుగెత్తాలి. ఆ కొసన ఒక వాలంటీరు నిలబడి చప్పుడు చేస్తే, దాన్ని పట్టుకుని రావాలి. గీత తొక్కితే ఇంకొక్క అవకాశం ఇస్తారు, అంతే. సరితకు పిలుపు నాది. మా ఊరి బీట్లో, అంటే పశువులు మేసే బీడులో, సాధన చేసేటప్పుడు పక్కనే మేకలు మేస్తుండేవి, వాటి మెడగంటల మధ్య నుంచి చప్పట్లు విని గీసినట్టు వచ్చేది. అప్పుడప్పుడు నేను ఆకు కొట్టి ఆ మేకలను పిలిస్తే, ఆ కేకకూ నవ్వుతూ ఉరికొచ్చేది.

భద్రాచలం బస్సులో కండక్టరు మా గుంపును చూసి, చేతికర్రలు, మూడుచక్రాల బండి, పులిహోర డబ్బా ఎక్కిస్తూ, "ఇగ రామయ్య పెండ్లికి ఇంతమంది రారు," అన్నాడు. మైదానంలో షామియానా, దాని గుంజలకు అరటి బోదెలు, మామిడి తోరణాలు, వరుసగా కుర్చీల్లో దండలు వేసుకున్న పెద్దలు. సారు నా చెవిలో చెప్పాడు. "మల్లమ్మా, పెద్దోళ్ళున్నరు. మర్యాదగ చప్పట్లు కొట్టు, చాలు."

కొట్టాను. సరిత బయలుదేరింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ మా జనం మంచివాళ్ళు. చూపులేని పిల్ల ఉరుకుతుంటే చూసి ఊరుకోలేక మైదానం నాలుగు వైపులా చప్పట్లు అందుకున్నారు. పిల్లకు ఏ చప్పట్లు నావో తెలియలేదు. ఎడమకు తిరిగింది, గీత దాటింది, షామియానాలోకి పోయి ముందు వరుసలో ఉన్న ఒక పెద్దమనిషి బొజ్జ మీద రెండు చేతులూ ఆనించి ఆగింది.

"అమ్మమ్మా, నువ్వింత లావెప్పుడైనవు?" అంది.

మైదానమంతా నవ్వింది. ఎంకన్న నవ్వలేదు. సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఇంకొక అవకాశం ఉందని సారు కుంటుకుంటూ ఉరికి అడ్డం నిలబడితే, మొహం తిప్పుకుని ఆగాడు.

సరితను మళ్ళీ ఆ కొసన నిలబెట్టారు. మైకులో నిశ్శబ్దంగా ఉండమని చెప్పారు, చెప్పిన కొద్దీ జనం ఒకరినొకరు ఊరుకోమని కేకలు పెట్టుకున్నారు. పిల్ల అక్కడ నిలబడి తల అటూ ఇటూ తిప్పుతోంది. ఆమె దేన్ని వెతుకుతోందో నాకు తెలిసింది. ఈ కొత్త చోట గంటలు లేవు, నేను లేను, ఉత్త గోల ఉంది. నా చేతులు చప్పట్లకు లేవలేదు. నాలుక మడతపడింది.

"త్రుర్ర్ర్... హోయ్ హోయ్."

మైకుతో ఆగని జనం ఆగిపోయారు. సరిత నవ్వింది, ఉరికింది. అప్పుడే కరకట్ట మీద దుమ్ము లేచింది. అటువైపు మేస్తున్న మంద, ఎవరిదో, ఏ ఊరిదో, నా పిలుపు విని కట్ట దిగి, కూలిన ప్రహరీ సందులోంచి మైదానంలోకి వరదలా వచ్చింది. గంటలు వినగానే పిల్ల అడుగు గట్టిపడింది. అటు మేకలు, ఇటు మేకలు, నడుమ సరిత, అందరికంటే ముందు ఒక కొమ్ముల మేకపోతు, అంతా కలిసి నా మీదికే. పోతు నన్ను పడగొట్టింది, సరిత వచ్చి నా మీద పడింది. పిల్ల ఒళ్ళంతా మేక వాసన, నవ్వు.

లేచి చూస్తే గీతలు లేవు. సున్నమంతా గిట్టలకు అంటుకుపోయింది. నిర్ణయం చెప్పాల్సిన ఆయన అట్టముక్క పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. "గీతే లేదు సారూ, తొక్కిందని రాయనా, తొక్కలేదని రాయనా?" అన్నాడు. కృష్ణారావు సారు ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

మేకలు మాత్రం కదలలేదు. నా చుట్టూ నిలబడి నా చేతుల వంక చూస్తున్నాయి. మందను కాసే చంద్రయ్య కర్ర ఎత్తుకుని కట్ట దిగి వచ్చాడు. "పిలిచింది నువ్వేనా? ఆకేది?" అన్నాడు. పోటీల సంగతి అతనికి పట్టలేదు. నాకూ ఆ క్షణాన పట్టలేదు. బతుకులో మొదటిసారి ఆకు లేకుండా పిలిచాను, తల ఎత్తుకోలేకపోయాను. బడి వెనక సుబాబుల్ చెట్లు కనిపించాయి. పసుపు చొక్కాలందరినీ తరిమాను. సారు ఇనుపకాలితోనే గోడ ఎక్కాడు, జానకి టీచర్ కొమ్మలు వంచింది, వినపడని పిల్లలు చెట్లెక్కి విరిచి వేశారు. ఈలోగా ఆగలేని మేకలు షామియానా తోరణాలు ముగించి, అరటి బోదెలు ముగించి, పెద్దమనిషి మెడలోని బంతిపూల దండ దగ్గరికి వచ్చాయి. ఆయన మర్యాదగా దండ తీసి ఇచ్చేశాడు.

ఎంకన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడో లేదో తెలియలేదు. ఆకు తింటున్న మందను చాలాసేపు చూశాడు.

"మేకలను పిలిచినవు, ఆకు వెట్టినవు. నా బిడ్డను గూడ పిలిస్తివి గద అత్తా. దానికేం వెడ్తవు?"

"బడి," అన్నాను. "నా చేతుల లేదు. నీ చేతుల ఉన్నది."

అతను నేల చూశాడు. కాలితో దుమ్ము జరిపాడు, సున్నం కోసం కాబోలు. "గీతలే లేకపాయె. ఇగ దాటుడేంది," అన్నాడు. సంచి దించి, నాకు గుర్తున్నంతవరకు మొదటిసారి చెప్పులు విడిచి, బిడ్డ పక్కన గడ్డిలో కూర్చున్నాడు. బడి తెరిచిన నెలలో తానే తీసుకుపోయి హాస్టల్లో దింపి, గేటు బయట రెండు రోజులు కాపలా కాశాడు. అది వేరే నవ్వులాట.

ఇప్పుడు ఆ మైదానంలో సగం గదులు కట్టారు, ప్రహరీ సందు పూడ్చారు, కట్ట మీద కార్లు ఆగుతాయి. మా ఊరి బీటు పామాయిలు తోట అయింది. దోటి పట్టేవాళ్ళు లేరు, ఆ పిలుపుకు తల తిప్పే మేక లేదు. సారు పోయాక ఆటల సంఘం బోర్డు కొన్నాళ్ళు ఎవరి కోళ్ళగూటికో తలుపుగా ఉండి, తర్వాత అదీ పోయింది. సరిత మాత్రం వైరా దగ్గర ఒక బడిలో పంతులమ్మ. సెలవులకు వచ్చినప్పుడు సందు మొదట్లో ఆటో దిగి, కర్ర తెరవకుండా అక్కడే నిలబడుతుంది. నేను వాకిట్లోకి వచ్చి పిలిచేదాకా కదలదు. అందుకని ముందే మలీద ముద్దలు చేసి, ఒకటి చేతిలో పట్టుకుని, అప్పుడు పిలుస్తాను.

ఆనాడు అక్కడ ఉన్నవాళ్ళం: నేను, ముదిగొండ మల్లమ్మ; సరిత; దాని తండ్రి ఎంకన్న; జానకి టీచర్; గోడెక్కిన కృష్ణారావు సారు; చెట్లెక్కిన పిల్లలు రాంబాబు, సైదులు, లచ్చుమయ్య; మూడుచక్రాల బండి దిగకుండానే మేకల మధ్య చిక్కుకున్న నాగమణి; గీత దొరకని ఆయన, పేరు భాస్కరరావు; దండ ఇచ్చిన పెద్దమనిషి, ఆయన పేరు మైకులో చెప్పారు గాని గోలలో వినపడలేదు; చంద్రయ్య, అతని మంద; అందరికంటే ముందు గీత చేరి, బహుమతి రాకపోయినా ఏమీ అనని ఆ కొమ్ముల పోతు, సున్నం అంటిన తెల్లని కాళ్ళతో.