అమ్మ మోకాళ్లు, నా వేళ్లు

ఆ చలికాలం పొద్దున బర్రె కింద కూర్చున్నాను గానీ పిడికిలి బిగియలేదు. బర్రె కాలు జాడించింది, పాలు చేపలేదు. మా ఊరు ముడిమ్యాలలో ఇల్లు గడిచేది నాలుగు బర్రెల పాల మీదే. చేతులు పోతే నా గతేమిటని భయం వేసింది. ఎవరికీ చెప్పకుండా వేళ్లు వేడి నీళ్లలో ముంచి, తిట్టుకుంటూ ఎలాగో పిండాను.

అమ్మ కనిపెట్టేసింది. ఆమెకు మోకాళ్లు అరిగి పదేళ్లు. "నాకు అరిగినయి, నీకు అరుగుతున్నయి. మనింట్ల గింతే బిడ్డ," అని తన నొప్పి గోళీల్లోంచి రోజుకొకటి ఇవ్వసాగింది. ఒకరి మందుల చీటీతో ఇంటిల్లిపాదీ వైద్యం చేసుకోవడం మాకు అలవాటే. ఇంటర్ పాసైనదాన్ని, నేనూ నోరు మూసుకుని మింగాను. నొప్పి కాస్త తగ్గేది. అదే కొంప ముంచింది.

నిజానికి తేడా కళ్లముందే ఉంది. అమ్మ పొద్దున బాగానే లేచేది, చేనంతా తిరిగి సాయంత్రానికి కూలబడేది. కాసేపు కూర్చుంటే తేరుకునేది. నాకంతా తలకిందులు. లేవగానే వేళ్లు కట్టెల్లా బిగుసుకుపోయి, నాలుగు పనులు చేశాక, పదింటికి గానీ సడలేవి కావు. రెండు చేతుల కణుపులూ వాచి వెచ్చగా ఉండేవి. అయినా రెంటికీ అరుగుదలనే పేరు పెట్టి ఆరు నెలలు గడిపాం.

వానలు పడేనాటికి రెండు వేళ్లు వంకరపోయాయి. అప్పుడు అమ్మా నేనూ మొయినాబాద్‌లో దవాఖానకు వెళ్లాం. డాక్టరు నా రక్త పరీక్ష, ఇద్దరి ఎక్స్‌రేలు చూసి చెప్పాడు.

"మీ అమ్మది ఆర్థ్రోసిస్. ఏండ్ల తరబడి పనిచేసి కీలులో మెత్తటి పొర అరిగింది. నీది వాపుతో వచ్చే ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ల మీద పడుతున్నది. నొప్పి గోళీతోని అది ఆగదు, లోపల తింటనే ఉంటది. అసలు మందు ఇయ్యాల మొదలుపెడదాం. మిగతా వేళ్లు కాపాడుకోవచ్చు. ఈ రెండు మాత్రం ఇగ చక్కగ కావు."

అమ్మకు కనిపించకుండా ఆ రెండు వేళ్లనూ కొంగులో దాచుకున్నాను.

"ఇన్ని దినాలు గోళీలు ఎవరు రాసిచ్చిన్రు?" అని అడిగాడాయన.

చేవెళ్లలో ఎవరో డాక్టరు రాసిచ్చారని అబద్ధం చెప్పబోయాను. అమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"నేనే ఇచ్చిన సారూ. నేను పొద్దుగూకినంక ఏసుకునే గోళీ మానుకొని ఇచ్చిన."

ఆరు నెలలు సాయంత్రం గోళీ లేకుండా ఆ మోకాళ్లతో ఎలా నడిచావని నేను ఒక్కసారి కూడా అడగలేదు.